జీతంల కోత తర్వాతి సంగతి, ముందుగాల ఇంట్ల కూసోని మాట్లాడుకోండ్రి

అమ్మానాయినలను అర్సుకోని సర్కారు ఉద్యోగుల జీతంలకెళ్లి 10 నుంచి 15 శాతం కోసి, ఆ పైసలు సీదా తల్లిదండ్రుల ఖాతాల వేస్తం, దానికి చట్టం తెస్తం అని 2025 అక్టోబర్‌ల గ్రూప్-2 నియామక పత్రాలు ఇచ్చిన సభల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అన్నరు. అస్సాంల గిసొంటి చట్టమే 2017ల వచ్చింది. మన దగ్గర ఆ మాట అన్నప్పటి సంది హోటళ్ల కాడ, బస్సులల్ల ఈ ముచ్చట నడుస్తనే ఉన్నది. 'బరాబర్ కొయ్యాలె' అనేటోళ్లే ఎక్కువమంది. ముసలోళ్ల ఉసురు పోసుకునేటోనికి శిక్ష పడాలె అనుకునుడుల తప్పేం లేదు.

కని జర ఆలోచన చెయ్యాలె. మన ఊర్లల్ల సర్కారు కొలువు ఉన్న కొడుకులు ఎందరు? ఎవుసం చేసేటోడు, ఆటో నడిపేటోడు, దుబాయిల కూలికి పోయినోడు, హైదరాబాద్‌ల సెక్యూరిటీ గార్డు డ్యూటీ చేసేటోడు, వీళ్లకు కొయ్యనీకి జీతం స్లిప్పు యాడున్నది? ఇంకో మాట. కోత అనేది తల్లి ఆఫీసు మెట్లెక్కి కొడుకు మీద ఫిర్యాదు ఇచ్చినంక వచ్చేది. అప్పటికే ఇల్లు పలిగిపోయి ఉంటది. మన ఇండ్లల్ల కొట్లాటలు చానా మటుకు దుర్మార్గం నుంచి పుట్టయి. ముందుగాల ఎవ్వలూ ఏమీ అనుకోకపోబట్టి పుడతయి. ఎవరు చూస్తరు, యాడ ఉంటరు, పైసలు ఎవలు పెడతరు, దవాఖానల సంతకం ఎవలు పెడతరు అనే నాలుగు ముచ్చట్లు పెద్దోళ్లు మంచిగున్నప్పుడు ఎవ్వలూ తియ్యరు. పక్షవాతం వచ్చిన రోజు, దవాఖాన వరండాల నిలవడి మాట్లాడుతరు. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే గిదే.

వంతుల పద్ధతి ఎందుకు పలిగింది?

మన దిక్కు అందరికీ ఎర్కున్న పద్ధతి ఒకటున్నది. ఆస్తి పంపకాల నాడు పెద్దమనుషులు కూసోని భూమి, ఇల్లు, ఎడ్లు, అప్పులు పంచుతరు. ఆఖర్ల అమ్మానాయినలను గుడ పంచుతరు. 'పెద్దోని దగ్గర ఒక నెల, చిన్నోని దగ్గర ఒక నెల' అంటరు. కొన్ని ఇండ్లల్ల అమ్మ ఒకని దిక్కు, నాయిన ఒకని దిక్కు. నలభై ఏండ్లు ఒక్క కంచంల తిన్నోళ్లు ముసలితనంల వేరే వేరే వాకిండ్లల్ల పడుతరు. నెల వంతు అయిపోయిన తెల్లారి సద్ది మూట, మందుల కవరు పట్టుకోని తమ్ముని ఇంటికి నడిచే అవ్వలను మనం చూస్తనే ఉన్నం.

ఆ పద్ధతిల బాధ ఉన్నది, కని ఒక లెక్క గుడ ఉండె. కొడుకులు ముగ్గురు నలుగురు, అందరూ ఒక్క ఊర్లనే, ఎవుసం ఒక్కటే. ఇయ్యాల ఆ లెక్క లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం సగటున ఒక్కో తల్లికి తెలంగాణల 1.8, ఆంధ్రల 1.7 మంది పిల్లలే. అంటే ఇప్పుడు నలభై, యాభై ఏండ్లున్నోళ్లు ముసలోళ్లయ్యే నాటికి వంతులు పంచుకోనీకి ఇద్దరు గుడ ఉండకపోవచ్చు. ఉన్న ఒక్క కొడుకు షార్జాలనో, డల్లాస్‌లనో, బెంగళూరులనో ఉంటడు. ఉన్న ఒక్క బిడ్డ అత్తగారింట్ల ఉంటది, ఆడ గుడ ఇద్దరు ముసలోళ్లు ఉంటరు.

2011 జనాభా లెక్కలల్ల దేశంల 60 ఏండ్లు దాటినోళ్లు 10 కోట్లకు పైన ఉండిరి. 2050 నాటికి ప్రతి ఐదుగురిల ఒకలు ఆ వయసోళ్లే ఉంటరని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. దక్షిణాది రాష్ట్రాలు ఉత్తరాది కంటే ముందే ముసలివైతున్నయి. మనది ఆ వరసలనే ఉన్నది. అందుకే ఇది ఒక్క ఇంటి తక్లీఫ్ కాదు, ఊరు ఊరంతా ఎదుర్కొనేది.

చూసుకునుడు అంటే ఎవలు చూసుకునుడు?

'మా అమ్మను నేనే చూసుకుంట' అని కొడుకు అంటడు. మంచిదే. పొద్దున ఐదింటికి లేపి బాత్రూంకు పట్టుకపోయేది ఎవలు? బట్టలు మార్చేది, చక్కెర బీమారికి సూది వేసేది, పండుకున్న కాడ పుండ్లు కాకుంట రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది ఎవలు? నూటికి తొంబై ఇండ్లల్ల కోడలు, లేకుంటే బిడ్డ, లేకుంటే ముసలాయన భార్య. ఆమెకు గుడ అరవై ఐదేండ్లు, ఆమె మోకాళ్లు గుడ నొస్తనే ఉంటయి.

చట్టంల చూస్తే ఇంకో తమాషా. 2007ల వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంల 'పిల్లలు' అంటే కొడుకు, బిడ్డ, మనుమడు, మనుమరాలు. కోడలు పేరు లేదు, అల్లుని పేరు లేదు. 2019ల వాళ్లను గుడ చేర్చుతమని పార్లమెంటుల బిల్లు పెట్టిన్రు కని అది చట్టం కాలే. అంటే చాకిరి చేసే మనిషికి బాధ్యత కాయితం మీద లేదు, ఇంటి నిర్ణయంల మాట గుడ లేదు. కొడుకులు ఫోన్‌ల మాట్లాడుకోని 'అమ్మ ఈడనే ఉంటది' అని ఖాయం చేస్తరు. వంట గదిల ఉన్న మనిషిని ఎవ్వలూ అడగరు. ఆర్నెళ్లకు ఆమె నడుము పడిపోతది, ఇంట్ల లొల్లి మొదలైతది, 'కోడలు మంచిది కాదు' అని ఊరు తీర్పు చెప్తది.

కాబట్టి ఇంటి ముచ్చట పెట్టేటప్పుడు మొదటి నియమం ఏందంటే, పని ఎవలు చేస్తరో వాళ్లు ఆ కాడ కూసోవాలె. వాళ్ల మాట ముందుగాల వినాలె. దూరంల ఉన్న కొడుకు నెలకు ఇన్ని పైసలు పంపుతనని ఒప్పుకోవాలె. ఏడాదికి పదిహేను రోజులు వచ్చి, చూసుకునే మనిషికి నిజమైన సెలవు ఇయ్యాలె. ఆస్తిల సమాన వాటా ఉన్న బిడ్డ బాధ్యతల గుడ భాగం తీసుకోవాలె. బాధ్యత తీసుకున్న బిడ్డకు వాటా ఇయ్యమనే అన్నదమ్ములు గుడ నోరు మూసుకోవాలె. వాటా ఒకలకు, చాకిరి ఒకలకు అయితే ఆ ఇల్లు నిలవడదు.

భూమి రాసిచ్చే ముందు ఒక్క వాక్యం

ముసలితనం వచ్చిందంటే ఇంట్ల మొదలయ్యే మాట 'నాయినా, భూమి మా పేరు మీద చెయ్యి' అనేది. రైతు భరోసా పైసలు పడతయని, బ్యాంకుల లోన్ వస్తదని, మల్ల ఆఫీసుల సుట్టు తిరుగుడు ఉండదని చెప్తరు. తండ్రి తహసీల్ ఆఫీసుకు పోయి గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెడతడు. ఆ రోజు సంది ఆయన చేతుల ఏమీ ఉండదు.

2007 చట్టంల 23వ సెక్షన్ ఈడ పనికొస్తది. నన్ను చూసుకోవాలె, నా అవసరాలు తీర్చాలె అనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, రాయించుకున్నోడు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దు చెయ్యమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్‌ను ఆర్డీవో నడుపుతరు. అయితే 2022 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు ఒక కేసుల సాఫ్‌గ చెప్పింది: బదిలీల ఆ షరతే లేకుంటే 23వ సెక్షన్ వర్తించదు. 2025 జనవరి 2 నాడు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసుల అదే కోర్టు తల్లి దిక్కు నిలవడ్డది. ఆమె కొడుకుకు రాసిచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేసి, ఇల్లు తిరిగి ఆమెకు అప్పజెప్పమన్నది. ఆ కొడుకు చూసుకుంటనని రాసిచ్చిన కాయితం ఆమె చేతుల ఉండె.

రెండు కేసుల మధ్య తేడా ఏంది? ఒక్క వాక్యం. 'నా తిండి, బట్ట, ఉండ జాగ, దవాఖాన ఖర్చు చూసుకోవాలనే షరతు మీద ఈ ఆస్తి ఇస్తున్న' అని డీడ్‌ల రాయించుడు. డాక్యుమెంట్ రైటర్లు పాత నమూనా తీసి పేర్లు మార్చి ఇస్తరు. దాంట్ల 'ప్రేమాభిమానాలతో' అని ఉంటది కని షరతు ఉండదు. అడిగి రాయించుకోవాలె. కొడుకు 'నా మీద నమ్మకం లేదా నాయినా' అంటే, 'నీ మీద నమ్మకం ఉన్నది బిడ్డా, రేపటి మీద లేదు' అని చెప్పాలె.

అంతకంటే మంచి దారి ఇంకోటున్నది. బతికున్నన్ని రోజులు పేరు మార్చకుంట, వీలునామా రాసుడు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్టర్ చేయిస్తే మాత్రం రేపటి లొల్లి తగ్గుతది. ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. ఒకటి యాదిల పెట్టుకోండ్రి. బ్యాంకుల 'నామినీ' అని పేరు రాసుడు వేరు, వారసత్వం వేరు. నామినీ పైసలు తీసుకునే మనిషి మాత్రమే, వాటికి మాలిక్ కాదు. ఈ తేడా తెల్వక అన్నదమ్ములు కోర్టుల పడ్డ ఇండ్లు చానా ఉన్నయి.

మల్ల ఆ ఇంటి అవ్వ సంగతి? మన పెళ్లిళ్లల్ల ఆడోళ్ల వయసు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. అందుకే ముసలోళ్లల్ల భార్య పోయిన మొగోళ్ల కంటే మొగడు పోయిన ఆడోళ్లు చానా ఎక్కువమంది. తాత బతికున్నప్పుడు ఆయనకు ఆమె ఉంటది. ఆయన పోయినంక ఆమెకు ఎవలు? ఇల్లు ఆమె పేరు మీద ఉన్నదా? ఖాతా జాయింటా? ఆయన పెన్షన్ ఆమెకు మారుతదా? తన ముసలితనం గురించి ప్లాన్ చేసే ప్రతి మొగోడు, తాను పోయినంక పదేండ్ల దాంక ఆమె ఎట్ల బతుకుతదో గుడ లెక్కగట్టాలె.

సోయి ఉన్నప్పుడే సంతకం

దేశంల 60 దాటినోళ్లల్ల దాదాపు 7.4 శాతం మందికి మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్నదని పరిశోధకుల లెక్క. అంటే 88 లక్షల మంది. మన ఊర్లల్ల దాన్ని జబ్బు అనరు. 'ముసల్దానికి చాదస్తం పట్టింది' అంటరు.

దీంట్ల ఒక కాయితం గండం ఉన్నది. చానామంది 'జీపీఏ రాయించుకున్నం, ఇగ ఫికర్ లేదు' అనుకుంటరు. కని మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి మతిస్థిమితం పోతే ఆ పవర్ గుడ పోతది. సరిగ్గ అక్కర పడ్డ రోజే ఆ కాయితం చెల్లదు. సోయి తప్పిన పెద్దోళ్ల ఆస్తి, ఖాతాలు చూడనీకి సంరక్షకులుగ పెట్టుమని హైకోర్టు దాంక పోయిన కుటుంబాలు ఉన్నయి. ఐసీయూ బిల్లు కట్టనీకి తండ్రి ఖాతాల పైసలుండి గుడ తియ్యరాక, మిత్తికి అప్పు తెచ్చే కొడుకులు గిందుకే ఉంటరు.

దీనికి పెద్ద వకీలు అక్కర లేదు. సోయి ఉన్నప్పుడే ఒక ఖాతాను 'ఇద్దరిల ఎవలైనా' అనే పద్ధతిల జాయింట్ చేయించుకోవాలె. అయితే అందుల రోజువారీ ఖర్చుకు, దవాఖానకు సరిపోయేంతనే ఉంచాలె, జీవితమంతా కూడవెట్టింది మొత్తం కాదు. చెయ్యి ఆడక సంతకం పెట్టలేనోళ్లకు వేలిముద్ర మీద పైసలిచ్చే పద్ధతి బ్యాంకులల్ల ఉన్నది. ఇద్దరు సాక్షులు కావాలె, అండ్ల ఒకలు బ్యాంకు అధికారి. డెబ్బై దాటినోళ్లకు ఇంటి కాడికే సేవలు అందియ్యాలని 2017లనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అడిగేటోళ్లు తక్కువ, అందుకే ఇచ్చేటోళ్లు గుడ తక్కువ.

కార్డు దేనికి సాల్తది, దేనికి సాలది

సర్కారు నుంచి వచ్చేది ఏందో తెల్వాలె, రానిది ఏందో అంతకంటే మంచిగ తెల్వాలె. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణల 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు. 2024 అక్టోబర్ సంది 70 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కలకు, పేదోళ్లా ఉన్నోళ్లా అని సూడకుంట, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాంక వైద్యం ఉన్నది. ఆధార్ ఉంటే కార్డు తీసుకోవచ్చు. బీమారి వచ్చినంక ఉరుకుడు కాదు, డెబ్బై నిండిన నెలనే తీసి పెట్టుకోవాలె. సొంతంగ ఆరోగ్య బీమా కొనేటోళ్లకు 2024ల ఐఆర్డీఏఐ వయసు అడ్డు తీసేసింది. కని పాత జబ్బులకు మూడేండ్ల దాంక ఆగే నిబంధన ఉండొచ్చు. అందుకే అరవై దాటినంక కాదు, యాభైలల్లనే కొనాలె.

అయితే ఈ కార్డులన్నీ దవాఖానల మంచం ఎక్కినప్పుడు పనిచేసేటియి. తుంటి బొక్క ఇరిగితే ఆపరేషన్‌కు కార్డు ఉన్నది. ఆపరేషన్ అయినంక ఇంటికి తెచ్చి ఆర్నెళ్లు మంచంల చూసుకునే ఖర్చుకు ఏ కార్డూ లేదు. డైపర్లు, ఫిజియోథెరపీ, మంచం కిరాయి, రాత్రి పూట మనిషి జీతం, ఇవన్నీ జేబుల నుంచే పోతయి. ఇండ్లు మునుగుడు చానాసార్లు ఈ ఖర్చు కాడనే. ఆపరేషన్ ఒక్కసారి, చూసుకునుడు రోజూ.

పెన్షన్ లెక్క గుడ చూడుండ్రి. ఆసరా కింద తెలంగాణల ఇస్తున్నది 2,016 రూపాయలు. ఆంధ్రల 2024 జూలై సంది 4,000. ఇందుల కేంద్రం వాటా 79 ఏండ్ల దాంక 200, 80 దాటినంక 500 మాత్రమే. బీడీలు చుట్టి, ఫ్యాక్టరీల పనిచేసి పీఎఫ్ కట్టినోళ్లకు ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 సంది 1,000 దగ్గరనే ఆగింది. రైతు బీమా 59 ఏండ్ల దాంకనే. అంటే భూమి దున్ని దున్ని అలసిపోయిన నాడు బీమా గుడ చెయ్యి ఇడుస్తది. ఇంటోళ్లు ఈ లెక్క ముందుగాల రాసుకుంటే, నెలకు ఎంత తక్కువ పడుతదో, ఆ తక్కువ ఎవలు పూడుస్తరో అప్పుడే తెలుస్తది.

ఆఖరి దినాల ముచ్చట

అన్నింటికంటే కష్టమైన ముచ్చట ఇది. 'శుభమా అని కూసుంటే సావు మాటలేంది' అని పెద్దోళ్లే కసురుతరు. కని మాట్లాడకపోతే ఏమైతది? తొంబై ఏండ్ల తాతకు ఊపిరి ఆడక కార్పొరేట్ దవాఖానకు తీస్కపోతే 'వెంటిలేటర్ పెట్టాల్నా వద్దా, ఐదు నిమిషాలల్ల చెప్పుండ్రి' అంటరు. వద్దంటే లోకం ఏమంటదో అని భయం. పెట్టుమంటే ఎకరం పోతది. దుబాయిల ఉన్న కొడుకు 'ఏమైనా సరే బతికియ్యాలె' అంటడు, పక్కకు ఉన్న కొడుక్కు తండ్రి తిప్పలు కండ్ల ముందట కనవడుతది. ఇద్దరిల ఎవలూ చెడ్డోళ్లు కాదు. తాత మనసుల ఏమున్నదో ఎవ్వలూ అడగలే, అంతే.

సుప్రీంకోర్టు 2018ల ఒక హక్కు ఇచ్చింది. మానని రోగంల యంత్రాల మీద ఊపిరి నిలిపే వైద్యం నాకొద్దు అని మనిషి ముందుగాలనే రాసిపెట్టుకోవచ్చు. 2023 జనవరిల ఆ పద్ధతిని అల్కగ చేసింది. ఇద్దరు సాక్షుల ముందట సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే సాలు. తన తరఫున ఎవలు నిర్ణయం చెప్పాల్నో ఆ పేరు గుడ రాయొచ్చు. ఇది సచ్చే కాయితం కాదు, పిల్లలను పాపం మోసే బరువు నుంచి తప్పించే కాయితం. క్యాన్సర్ అసొంటి రోగాలల్ల నొప్పి తగ్గించి ఇజ్జత్‌తోని చూసుకునే పాలియేటివ్ కేర్ సెంటర్లు మన సర్కారు జిల్లా ఆస్పత్రులల్ల గుడ పెట్టింది. చానా ఇండ్లకు ఆ సంగతి తెల్వదు.

ఎప్పుడు, ఎట్ల మాట్లాడాలె?

బతుకమ్మకు బిడ్డలు పుట్టింటికి వస్తరు, దసరాకు కొడుకులు ఊరికి చేరుతరు. ఆంధ్ర దిక్కు సంక్రాంతి. పండుగ అయిన తెల్లారి ఒక రెండు గంటలు సాలు. ఫోన్లు పక్కకు పెట్టి, పెద్దోళ్లను నడుమ కూసోవెట్టి మాట్లాడాలె. మీరు మాట్లాడి వాళ్లకు తీర్పు చెప్పుడు కాదు, ముందుగాల వాళ్లను అడగాలె.

యాడ ఉండాలని ఉన్నది? చానామంది 'నా ఊర్లనే, నా ఇంట్లనే' అంటరు. అట్లయితే ఆ ఇంట్ల బాత్రూంల పట్టుకునే కడ్డీ ఉన్నదా, రాత్రి లైటు ఉన్నదా, పక్కింటోళ్ల దగ్గర తాళంచెవి ఉన్నదా? ఒంటరిగ ఉండుడు అయితలేదు అనే రోజును ఎట్ల గుర్తు పట్టాలె? మందులు మరిచిపోవుడు, రెండోసారి పడుడు, పొయ్యి ఆర్పకుంట ఇడుచుడు, ఇసొంటి గుర్తులు ముందుగాలనే అనుకుంటే రేపు మనసు కష్టం కాదు. ఆ తర్వాత ఎవలింటికి? పైసలు ఎవలు ఎంత? చూసుకునే మనిషికి సెలవు ఎవలిస్తరు? ఆపతి వస్తే ఏ దవాఖాన? పక్షవాతమైతే నాలుగున్నర గంటల లోపల రక్తపు గడ్డ కరిగించే మందు పడాలె, మరి ఆ మందు దొరికే దవాఖాన యాడున్నది, బండి ఎవలిది?

ఒక నోటుబుక్కుల ఇవన్నీ రాయాలె. మందుల పేర్లు, డాక్టర్ నంబరు, ఆధార్, కార్డులు, ఖాతాలు, పాసుపుస్తకం యాడున్నదో, అప్పు ఎవలకు ఇచ్చిన్రో, ఎవల దగ్గర తెచ్చిన్రో. ఏడాదికోసారి తీసి సవరించాలె. ఆపతిల ఆదుకునే నంబరు 14567, ఇది వయోవృద్ధుల హెల్ప్‌లైన్. అది బుక్కు అట్ట మీదనే రాయాలె.

సర్కారు చెయ్యాల్సింది

ఇంటోళ్లు ఎంత ప్లాన్ చేసినా సర్కారు చేసేది సర్కారు చెయ్యాలె. ట్రిబ్యునల్ ఆర్డీవో ఆఫీసుల ఉన్నదని ఊరి అవ్వకు ఎట్ల తెల్వాలె? భరణం గరిష్ఠంగ నెలకు 10,000 అని 2007ల రాసిన్రు, ధరలు అప్పటియేనా? ఊరి ఆశా కార్యకర్త నెలకోసారి మంచంల ఉన్నోళ్లను చూసి, ఇంటోళ్లకు పుండ్లు కాకుంట ఎట్ల తిప్పాల్నో నేర్పాలె, ఆ పనికి ఆమెకు అదనంగ పైసలియ్యాలె. పొద్దంతా పెద్దోళ్లు కూసోనీకి మండలానికో జాగ కావాలె, కోడలు కూలికి పోయి రానీకి. జీతం కోసే చట్టంకు ఎంత పేరొస్తదో తెల్వదు కని, గివి చేస్తే మాత్రం వేల ఇండ్లు ఊపిరి తీసుకుంటయి.

ముసలితనం చెప్పి రాదంటరు. అబద్ధం. అది ఇరవై ఏండ్ల ముందే కనవడుతది. మోకాలు నొప్పిల, కంటి పొరల, ఒకే ముచ్చట మూడుసార్లు చెప్పుడుల. చెప్పకుంట వచ్చేది ఆపతి ఒక్కటే. అది వచ్చే ముందు ఇంట్ల ఒక్కసారి కూసుంటే, అమ్మను పంచుకునే లొల్లి ఉండదు. అమ్మకు ఏం కావాల్నో అమ్మ నోటితోనే ఇంటరు.